మేనమామ చేతి బెల్లం

వైరా,
12 జనవరి 2025

రక్షకుని దివ్యనామమున ప్రియ సహోదరి ద్వాలికి, సేవకుడు సమూయేలు ప్రేమతో వ్రాయునది.

అక్కా, ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వు, కోటేష్ బావ, శ్రావణి, బాపు, భాను బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఈ కాగితమేమిటని అనుకోకు. తాగుడు మానడానికి ఈ ఇంట్లో చేరినవాళ్ళం ఆరు నెలల పాటు ఫోన్ ముట్టకూడదు. పాత దోస్తులంతా ఆ ఫోన్‌లోనే కాపురం ఉంటారని మా పాస్టర్ ఏసోబు గారు అంటారు. ఉత్తరాలు మాత్రం ఎన్నయినా రాసుకోవచ్చు. మన లంబాడీ మాటలో నీతో పోట్లాడటమే తప్ప తెలుగులో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అంగన్‌వాడీ టీచరమ్మవి కదా, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఏసోబు గారు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ప్రార్థన ముగిసి మేం ఆమేన్ అనగానే ఒక్కోసారి నోరు జారి "రైట్ రైట్" అంటారు. మాతోపాటు ఆయనా నవ్వుతారు. పొద్దున ఐదింటికి గంట కొట్టి అందరినీ లేపడం నా పని. తర్వాత కూరగాయల మడులకు నీళ్ళు పెట్టడం, వాక్యం వినడం, మధ్యాహ్నం చేపల వలలు అల్లడం. చేతుల వణుకు తగ్గింది. ముడి ఇప్పుడు సరిగ్గా పడుతోంది.

క్రిస్మస్‌కు వారం ముందు కాలువలో నాకు బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళు ఎముకలు కొరికాయి. మునిగినవాడు జైరాం, లేచినవాడు వేరే మనిషి. పాపం ఇక నీ దొర కాదు, నువ్వు దేవుని బిడ్డవి అని ఏసోబు గారు చెబుతుంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. అందుకే పేరు కూడా మార్చుకున్నాను. పదహారేళ్ళు గుడుంబా కాచినవాడి పేరు ఇంకా నాకెందుకు?

పత్తి బస్తాలతో ఖమ్మం మార్కెట్‌కు వచ్చిన బావ, తిరుగుదారిలో ఇక్కడ ఆగాడు. శ్రావణికి మళ్ళీ సంబంధం చూస్తున్నారని చెప్పాడు. సంతోషమూ సిగ్గూ రెండూ కలిగాయి. రెండేళ్ళ కిందట దాని నిశ్చితార్థంలో తాగి వచ్చి బెల్లం పళ్ళాన్ని కాలితో తన్నినవాణ్ణి నేనే. పెళ్ళికొడుకువాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే ఆ బెల్లం ముక్కల మీదే పడి నిద్రపోయాను. నీకు క్షమాపణ చెప్పానో లేదో కూడా గుర్తు లేదు. ఇప్పుడు చెబుతున్నాను. నన్ను కట్టుకుని అన్నీ పడిన భాను నా గురించి ఏమైనా అంటోందా?

నీ సోదరుడు
సమూయేలు

*

బూరుగుగుంపు తండా,
21 జనవరి 2025

తమ్ముడు జైరాంకు అక్క దీవెనలు.

ఉత్తరం తెచ్చిన పోస్టు మనిషి కవరు వెనక చూసి "సమూయేలు ఎవరక్కా, మీకు అసొంటి చుట్టం లేడు గదా" అంటే నేనూ లేడనే చెప్పాను. కవరు ఇటు తిప్పితే నీ కోడిగీతలు కనబడ్డాయి. మొదటి వాక్యం చదివి ఎవరో కోర్టు నోటీసు పంపారని భయపడ్డాను. రెండో వాక్యంలో "అక్కా" అని కనబడ్డాక గాని కూర్చుని చదవలేదు.

పేరు సంగతి చెబుతాను, విను. నువ్వు పుట్టినప్పుడు నాకు ఏడేళ్ళు. జైరాం అని నీ చెవిలో మొదట చెప్పింది నేనే. నిన్ను కన్న యాడి నన్ను చెప్పమంది. గుడుంబా కాచింది నీ చేతులు, నీ పేరు దానికేం చేసింది? చేతులు ఉంచుకుని పేరు పారేస్తే ఎట్లా? అక్కడ నువ్వు సమూయేలువైతే సంతోషమే. నాకు మాత్రం జైరామే.

నీ దేవుడి మీద నాకు కోపం లేదు. నా తమ్ముడి చేతి వణుకు తగ్గించిన దేవుడు ఎవరైనా సరే, మా ఇంట్లో ఒక పూట భోంచేసి పోవచ్చు.

శ్రావణి సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు శ్రీను, పాల్వంచ వైపు తండా, కరెంటు ఆఫీసులో పని. నెమ్మదైన పిల్లవాడు. మొన్న వచ్చి వెళ్ళేటప్పుడు మన బాపు చెప్పులు చెదిరి ఉంటే సర్ది పెట్టాడు. అది చూసి బావ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఉగాది పోయాక బుధవారం, ఏప్రిల్ రెండున బెల్లం. మన పద్ధతి నీకు తెలిసిందే. మేనమామ తన చేత్తో పిల్ల నోట్లో బెల్లం పెడితేనే మాట ఖాయమైనట్టు. ఇంకెవరు పెట్టినా అది ఉత్త తీపి.

నీకు బదులు మా మరిది పెడతాడని బావ అన్నాడు. శ్రావణి ఒప్పుకోలేదు. "మామనే పెట్టాలె. మామ రాకపోతే నాకు బెల్లం వద్దు. వచ్చి తాగితే నాకు ఈ పెండ్లే వద్దు" అంది. నర్సింగ్ చదివిన పిల్ల కదా, సూది గుచ్చినట్టే మాట్లాడుతుంది. కానీ ఆ మాట తిరిగి తీసుకునే రకం కాదని నీకూ తెలుసు. అందుకే రాస్తున్నాను. ఆ రోజుకు రా.

బాపుకు చెవులు పూర్తిగా పోయాయి. పక్కన డప్పు కొట్టినా తల తిప్పడు. రోజూ నీ మంచం వైపు చూసి "వచ్చిండా?" అని మాత్రం అడుగుతాడు. భాను ఏమీ అనలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. రెండోసారి చదవడం నేను చూడలేదనుకుంది.

నీ అక్క
ద్వాలి

*

వైరా,
2 ఫిబ్రవరి 2025

ప్రియమైన అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. శ్రావణి సంగతి చదివి గదిలో అందరికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన పాట కూడా ఎత్తుకున్నాడు, శ్రుతి లేదు గానీ మనసు మంచిది. పేరు గురించి నువ్వు రాసింది ఏసోబు గారికి చదివి వినిపిస్తే ఆయన "నేనేమన్న పేరు మార్చుకోమన్ననా? నువ్వే అడిగినవ్. మీ అక్క చెప్పింది కరెక్టే ఉన్నట్టున్నది" అన్నారు. ఆయన నీ పక్షమే.

ఒక విషయం మాత్రం ముందే స్పష్టంగా రాయాలి. బెల్లం తర్వాత ఏం జరుగుతుందో నువ్వు రాయలేదు. గిన్నెలో సారా పోసి, మేనమామే మొదట ఒక గుక్క తాగి, ఆ గిన్నెను తండా పెద్ద నాయక్‌కూ పెళ్ళికొడుకు తండ్రికీ అందించాలి. ఆ పద్ధతి ఉంటే నేను రాను. సారా పోసే పంక్తిలో దేవుని బిడ్డ కూర్చోకూడదు. నేను ఇప్పుడు వెలుగులో ఉన్నవాణ్ణి. చీకటి పనులతో నాకు పొత్తు లేదు. మీరు మారితే వస్తాను. మారకపోతే ఇక్కడే మోకాళ్ళ మీద ఉండి శ్రావణి కోసం ప్రార్థన చేస్తాను.

బాపుకు నా వందనాలు చెప్పు. వినబడకపోయినా చెప్పు.

సమూయేలు

*

బూరుగుగుంపు తండా,
11 ఫిబ్రవరి 2025

వెలుగులో ఉన్న జైరాం గారికి, చీకట్లో ఉన్న ద్వాలి రాస్తున్నది.

నీ ఉత్తరం నేనూ బావా చదివాం. శ్రావణి చదివి మడిచి కిటికీలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

నువ్వు వాంతి చేసుకున్న నులక మంచాన్ని వాగులో కడిగింది ఈ చీకటి చేతులే. పోలీసులు నిన్ను పట్టుకుపోతే తహశీల్దారు ఆఫీసు ముందు ఎండలో నిలబడి నీకు పూచీ సంతకం పెట్టిందీ ఈ చేతులే. నిన్ను ఆ ఇంటికి పంపమని నలుగురి కాళ్ళు పట్టుకున్నదీ నేనే. అప్పుడు నీకు నాతో పొత్తు ఉంది. నువ్వు తాగడం మానేస్తే చాలనుకున్నాం, నువ్వు మమ్మల్నే మానేస్తావని అనుకోలేదు. మేం మారాలో వద్దో వైరాలో కూర్చుని చెప్పకు, వచ్చి మా మొహం చూసి చెప్పు.

ఇంతకంటే రాస్తే తిట్లు వస్తాయి. ఇది అంగన్‌వాడీ రిజిస్టరు కాగితం, దీని మీద తిట్లు బాగుండవు.

బావతో చింతకాయ తొక్కు పంపుతున్నాను. కోపం కోపమే, తొక్కు తొక్కే. అందరికీ పంచకుండా కొంచెం నువ్వూ తిను.

ద్వాలి

*

వైరా,
3 మార్చి 2025

అక్కకు,

తొక్కు అందింది. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నిన్న ఇక్కడ బస్టాండు దగ్గర గోపాలు కలిశాడు. సిమెంటు లారీ మీద వచ్చాడట. నాతో కలిసి అడవిలో పీపాలు పాతిపెట్టిన గోపాలే. మీ అక్క ఖమ్మం నుంచి మూడు బస్తాల బెల్లం ఆటోలో తెచ్చిందన్నాడు. బావ వాగు గట్టున కట్టెలు పేరుస్తున్నాడట. నాయక్ కిషన్‌లాల్ ఇంటి నుంచి పెద్ద డేగిసాలు కూడా మోసుకొచ్చారట.

మూడు బస్తాల బెల్లం, వాగు గట్టు, కట్టెలు, డేగిసాలు. పదహారేళ్ళు ఆ పని చేసినవాడికి ఇంకా విడమరచి చెప్పాలా? సారా ఉంటే రానని రాశాను. దానికి నీ జవాబు ఇదన్నమాట. తమ్ముడు పడిన గుంత చూసి కూడా నువ్వు అదే పొయ్యి వెలిగిస్తావా? శ్రావణి పేరు మీద?

ఆ బెల్లం నేను ముట్టను. ఆ గడప తొక్కను. బదులు రాయవద్దు.

సమూయేలు

*

వైరా,
6 మార్చి 2025

అక్కా,

మూడో తేదీ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇటు తిరిగాను. లారీ ఇంకా కదలలేదేమో, ఎదురుగా టీ హోటల్ ముందు గోపాలు కూర్చుని ఉన్నాడు. "జైరామూ, రారా" అన్నాడు. అంతే. కాళ్ళు అటే నడిచాయి. పట్టపగలు, పదకొండు గంటలు. ఎంత తాగానో రాయను. సాయంత్రం ఏసోబు గారు నన్ను కాలువ గట్టు మీద నుంచి లేపి తెచ్చారు. నాకు బాప్తిస్మం ఇచ్చిన కాలువే.

తిడతారనుకున్నాను. నీళ్ళు కాచి స్నానం చేయించారు. తెల్లవారి తలుపు కొట్టి "ఐదైంది, గంట ఎవరు కొడతరు?" అన్నారు. నేను ఇంక దానికి తగనన్నాను. ఆయన మంచం అంచున కూర్చుని చెప్పిన మాట ఇది: "ముప్పై ఏండ్ల సర్వీసుల బస్సుల నిద్రపోయి తన ఊరు దాటిపోయినోళ్ళను మస్తుమందిని చూసిన. ఒక్కన్ని గూడ అడివిల దింపలే. తిరుగు ట్రిప్పుల ఎక్కించుకొచ్చి వాని ఊర్లనే దింపిన. నీ టికెట్ కొన్నది నువ్వు గాదు. చింపెటందుకు నువ్వెవనివి?" లేచి గంట కొట్టాను. కానీ ఆ మాట నాకు లోపలికి దిగలేదు.

ఇప్పుడు నిజం రాస్తాను. సారా ఉంటే రానని ఫిబ్రవరిలో అంత పెద్ద మాటలు రాశానే, అదంతా భయం అక్కా. గిన్నె నా చేతికి వస్తే ఒక్క గుక్కతో ఆగలేనని భయం. అది ఒప్పుకోవడానికి సిగ్గేసి మిమ్మల్ని చీకటి అన్నాను. నిన్ను అన్నాను, నా మంచం కడిగినదాన్ని.

నేను కొత్త మనిషిని కాదు. నీళ్ళలో చొక్కా తడిసింది, అంతే. గోపాలు జైరామూ అని పిలిస్తే పలికినవాడు సమూయేలు ఎట్లా అవుతాడు? నువ్వు సారా కాస్తే కాయి, ఎవరినీ అనే హక్కు నాకు లేదు. శ్రావణికి చెప్పు, మీ మరిదితోనే బెల్లం పెట్టించుకోమని. దాని పళ్ళాన్ని రెండోసారి కూడా తన్నితే నేను బతకను. భానుకు చెప్పకు. లేదా చెప్పు. ఆమెకు ఎట్లాగూ తెలుస్తుంది.

జైరాం

*

బూరుగుగుంపు తండా,
8 మార్చి 2025

పిచ్చి తమ్ముడా,

మూడో తేదీ ఉత్తరం ఇవాళ అందింది. బదులు రాయవద్దన్నావు కాబట్టి పిల్లలను ఆయమ్మకు అప్పజెప్పి వెంటనే రాస్తున్నాను.

బెల్లం నిజమే. కట్టెలు నిజమే. డేగిసాలు నిజమే. అవన్నీ లాప్సీకి! గోధుమ రవ్వ, బెల్లం, నెయ్యి వేసి యాడి వండేది, నువ్వు గిన్నె అడుగు గోకి తినేవాడివి. మన తండాలో ఎనభై ఇళ్ళు, పాల్వంచ నుంచి వచ్చేవాళ్ళు వేరే. వాళ్ళందరికీ లాప్సీ వండాలంటే చెంచాడు బెల్లం సరిపోతుందా? ఉగాదికి బెల్లం ధర పెరుగుతుందని, డేగిసాలకు కళాయి వేయించాలని నెల ముందే తెచ్చాం. గోపాలు ఉన్నదే చూశాడు, చూసిందే చెప్పాడు. ఆ బెల్లాన్ని పీపాలో నానబెట్టింది నీ బుర్ర.

ఎందుకింత లాప్సీ అంటావేమో. నీ ఫిబ్రవరి ఉత్తరం చదివి నేను నాలుగు రోజులు కోపంతో ఉడికిపోయాను. ఐదో రోజు భాను నా పక్కన కూర్చుని "వదినా, ఆయన మనను చూసి అసహ్యపడుతలేడు. గిన్నెను చూసి భయపడుతుండు. ఆయన సంగతి నాకు తెల్వదా?" అంది. నీ ఉత్తరాలు వచ్చినప్పటి నుంచీ ఆమె నీ గురించి మాట్లాడిన మొదటి మాట ఇది. ఆ మాట నాకు ముందే తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇద్దరం కలిసి నాయక్ దగ్గరికి వెళ్ళాం. సారా లేని బెల్లం ఎక్కడైనా ఉందా అని పెద్దమనుషులు నవ్వారు. భాను కొంగు బిగించి నడిమధ్య నిలబడి "రెండేండ్ల కింద సారా ఉన్న బెల్లం చూసిండ్రు గదా, ఎట్లున్నది?" అని అడిగింది. కాసేపటికి కిషన్‌లాల్ నాయకే "మన గురువు సేవాలాల్ మహరాజ్ తాగొద్దనే చెప్పిండు. మనం ఆయన జెండా మోసుకుంట సీసా గూడ మోస్తున్నం. ఈ ఒక్కసారి ఇడిసి చూద్దం" అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. మన బాపు పేరెత్తి, మోతీ ఇంట్లో కడుపు నిండలేదని ఎవరూ అనుకుంటూ పోకూడదన్నాడు. అందుకే మూడు బస్తాలు.

నీకు ముందే రాయాల్సింది. నువ్వు వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని దాచాను. నా తప్పు కూడా ఉంది. సరే, నువ్వు వచ్చి గిన్నె అడుగు గోకు, ఇద్దరి తప్పూ చెల్లిపోతుంది.

అక్క

*

బూరుగుగుంపు తండా,
12 మార్చి 2025

తమ్ముడూ,

నీ ఆరో తేదీ ఉత్తరం వచ్చింది. నాదీ నీదీ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటిపోయి ఉంటాయి. చదివి ఏడ్చాను. నీ దగ్గర దాచడమెందుకు. భానుకు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి, ఉత్తరం అడిగి తీసుకుని చదివి, మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

నీకు తెలియని ఒక సంగతి రాస్తాను. మనం ఈ అడవికి రాకముందు ఎర్రుపాలెం వైపు ఉండేవాళ్ళం. బాపు పద్నాలుగేళ్ళు ఒక పటేలు దగ్గర వెట్టి చేశాడు. నువ్వు చంకపిల్లవాడివిగా ఉన్నప్పుడు ఒకరోజు ఆఫీసర్లు జీపులో వచ్చారు. వెట్టివాళ్ళను వరసగా నిలబెట్టి, ఇవాళ్టి నుంచి మీకు ఎవరూ దొర కాదని చెప్పి తలా ఒక కాగితం ఇచ్చారు. యాడి దాన్ని రేకుపెట్టెలో పెళ్ళిచీర మడతలో దాచింది.

మరునాడు పొద్దున పటేలు ఎప్పటిలాగే రోడ్డు మీద నిలబడి "ఒరే మోతిగా" అని పిలిచాడు. బాపు నోట్లో ముద్ద ఉండగానే లేచి వెళ్ళిపోయాడు. పొద్దుగూకేదాకా దున్ని వచ్చాడు. ఆ మరునాడూ అంతే. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, కాగితం ఇచ్చాక కూడా ఎందుకు పోతున్నాడో అర్థమయ్యేది కాదు. మూడో రోజు యాడి ఆయన పక్కనే కూర్చుని అన్నం పెట్టింది. పిలుపు వచ్చింది. బాపు మోకాళ్ళు లేచాయి. యాడి ఆ మోకాలి మీద చెయ్యి వేసి "కూసో. పిలువనీ" అంది. పటేలు పిలిచాడు, అరిచాడు, బూతులు తిట్టాడు. బాపుకు చెమటలు కారిపోయాయి. అన్నం తినడం అయింది. పటేలు వెళ్ళిపోయాడు. ఏమీ జరగలేదు.

కానీ అది ఒక్క రోజుతో పోలేదు జైరాం. ఒకసారి యాడి నీళ్ళకు వెళ్ళినప్పుడు పిలుపు వచ్చింది, బాపు వెళ్ళిపోయాడు. చేను దాకా వెళ్ళి, నాగలి పట్టుకుని, అప్పుడు సిగ్గుపడి తిరిగొచ్చి గడప బయటే నిలబడ్డాడు. "నేనింక గింతే. ఆ కాగితం తియ్యి, వాపస్ ఇచ్చొస్త" అన్నాడు. యాడి పెట్టె తెరిచి కాగితం తీసి ఆయన మొహం ముందు పట్టుకుంది. "చినిగిందా చూడు. నువ్వు పోయొచ్చినవని ఇండ్ల ఒక్క అక్షరమన్న చెరిగిందా? ఆయనకు నోరున్నది, పిలుస్తడు. గంతమాత్రాన దొర గాడు. రా, కాళ్ళు కడుక్కో" అంది.

నీ వాక్యం నాకు తెలియదు, నీ నీళ్ళ మహిమ తెలియదు. పాపం ఇక నీ దొర కాదని ఏసోబు గారు చెప్పారని నువ్వే రాశావు. అది నిజమైతే, గోపాలు పిలిస్తే నువ్వు ఒకసారి వెళ్ళినందుకు అబద్ధమైపోతుందా? యాడి ఉంటే ఇదే అడిగేది.

ఇంకొక మాట. నువ్వు తగినవాడివని నిన్ను బెల్లం పెట్టమనలేదు. నువ్వు శ్రావణి మేనమామవని పెట్టమన్నాను. పడినా మేనమామవే, లేచినా మేనమామవే. అది ఎవరూ నీ నుంచి తీసుకోలేరు. అందుకే రా, తాగకుండా రా.

నీ ఉత్తరం శ్రావణికి చూపించాను. చదివి, మడిచి నా చేతికి ఇచ్చేసింది. తర్వాత "నేనన్న మాట నేను వాపస్ తీసుకోను. మామ వస్తడు" అంది. మరిదికి ఏమీ చెప్పలేదు. పళ్ళెం నీ కోసమే ఉంటుంది.

నీ అక్క
ద్వాలి

*

వైరా,
5 ఏప్రిల్ 2025

అక్కా,

క్షేమంగా చేరాను. భద్రాచలం కల్యాణానికి పోయే జనంతో ఎదురొచ్చే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. నేనెక్కిన బస్సులో మాత్రం కాళ్ళు చాపుకుని వచ్చాను. లాప్సీ డబ్బా ఒడిలో పెట్టుకున్నాను. అది ఇచ్చేటప్పుడు భాను "మే నెలల నేనే వచ్చి తీసుకపోత. అప్పటిదాక గంట మంచిగ కొట్టు" అంది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది. నువ్వు దూరం నుంచి చూస్తున్నావని నాకు తెలుసు.

ఈసారి కవరు మీద జైరాం అనే రాశాను. పోస్టు మనిషికి తిప్పలు తప్పుతాయి. కాలువలో మునిగి లేచినవాడి పేరు కూడా అదే అని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది. ఏసోబు గారు విని సంతోషించారు.

నువ్వు ఆ రోజంతా పొయ్యిలకూ పంక్తికీ మధ్య తిరుగుతూనే ఉన్నావు కాబట్టి రెండు సంగతులు నీకు తెలియవు.

శ్రావణికి బెల్లం పెట్టేటప్పుడు మూడు నెలలుగా లేని వణుకు మళ్ళీ వచ్చింది. ముక్క కిందపడుతుందేమోనని రెండో చెయ్యి కింద పట్టాను. శ్రావణి నా మణికట్టు పట్టుకుని, ముక్క నోట్లోకి తీసుకుని, నాకు మాత్రమే వినబడేలా "మామా, నీ చెయ్యి ఉత్త బెల్లం వాసనొస్తున్నది" అంది. ఇన్నేళ్ళూ నా చేతులకు పులిసిన బెల్లం వాసన ఉండేది. శ్రావణి చిన్నప్పుడు నా ఒళ్ళోకి రాకపోవడానికి ఆ వాసనే కారణమని ఇప్పుడు తెలిసింది. నా కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని నువ్వడిగితే పొగ అన్నాను. అది పొగ కాదు.

రెండోది పంక్తిలో. నేనూ బాపూ పక్కపక్కన కూర్చున్నాం. నువ్వు వడ్డించి ముందుకు వెళ్ళావు. శ్రావణి, శ్రీను పది అడుగుల దూరంలో నవ్వుకుంటున్నారు. అప్పుడు వాగు గట్టు అవతల నుంచి గోపాలు పిలిచాడు. పంక్తిలో సారా లేదని తనదేదో తెచ్చుకున్నట్టున్నాడు. "జైరామూ, ఓ జైరామూ, ఒక్కసారి ఇటు రారా." ఆ గొంతులో పగ లేదక్కా, ప్రేమే ఉంది, అదే కష్టం. నేను నేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ ఆ క్షణాన గుర్తు రాలేదు. నా మోకాళ్ళు లేచాయి. విస్తరి పక్కకు జరిగింది. శ్రావణి నవ్వు ఆపి నా వైపు చూసింది.

బాపు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయనకు గోపాలు పిలుపు వినబడే అవకాశమే లేదు. నా మొహం కూడా చూడలేదు. లాప్సీ నములుతూనే "కూసో. పిలువనీ" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఎవరినో. ఆ చల్లటి నీళ్ళూ, నన్ను ముంచి లేపేటప్పుడు వీపు కింద ఉన్న ఏసోబు గారి చెయ్యీ గుర్తొచ్చాయి. ప్రభువా అన్నాను లోపల, ఇంకేం అనలేకపోయాను. గోపాలు మళ్ళీ పిలిచాడు. నాకు చెమటలు పట్టాయి. విస్తరి దగ్గరకు లాక్కుని ముద్ద కలుపుకున్నాను. కాసేపటికి పిలుపు ఆగింది. శ్రావణి మళ్ళీ అటు తిరిగి శ్రీనుతో మాటల్లో పడింది.

నువ్వు రెండో విడత వడ్డిస్తూ వచ్చి, బాపు ఎడమ చేత్తో నా మోకాలు పట్టుకుని ఉండటం చూసి "ఏంది బాపూ, పారిపోతడా ఏంది?" అని నవ్వావు. ఆయనకు వినబడలేదు. నా విస్తరి ఖాళీ అయ్యేదాకా ఆయన ఆ చెయ్యి తీయలేదు, నేను లేవలేదు.

నీ తమ్ముడు, శ్రావణి మేనమామ
జైరాం